ఖాళీ కంచం మోగకూడదు

మొన్న ఆదివారం కుక్కర్ విజిల్ వచ్చేలోగా మా అమ్మాయి ఖాళీ స్టీలు కంచం ముందు పెట్టుకుని చెంచాతో వాయించడం మొదలెట్టింది. నేను ల్యాప్‌టాప్ మూసి వంటింట్లోకి ఉరికాను. "ఖాళీ కంచం మోగించకూడదు! దరిద్రం!" అని అరిచాను. పిల్ల బిక్కమొహం వేసింది. మా ఆయన ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయి, "ఇదేంటి, మాట్లాడింది నువ్వేనా?" అన్నాడు.

నేనే. పిల్లి ఎదురొస్తే పలకరించి మరీ పోయే మనిషిని. కానీ ఆ మాట మా నాయనమ్మది. అన్నేళ్ళు నాలో ఏ మూల దాక్కుందో, చెంచా కంచానికి తగలగానే బయటికి దూకింది. ఇక ఆ పూటంతా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. గిన్నెలు సర్దినవే సర్దాను, తుడిచిన బల్లే తుడిచాను.

కుదురు లేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. చిన్నప్పుడు నన్ను చూసి నాయనమ్మ "కాలు కాలిన పిల్లి" అనేది. ఆ ఏడు మాత్రం మా ఇంట్లో అందరివీ కాలిన కాళ్ళే.

అప్పుడు మేం ఈ దేశంలోనే ఉత్తరాన, కార్ల కంపెనీలుండే ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇప్పుడు ప్లేనోలో మా ఇంటికి నాలుగు వైపులా గోడలున్నాయి, ఏ గోడకీ అవతల మనిషి లేడు. అప్పటిది అపార్ట్‌మెంటు. మా హాలు గోడకి అవతల ఇంకొకరి హాలు. నాన్న కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసేవాడు. ఆ ఏడు కార్ల కంపెనీలకి గాలి తిరగబడింది. శనివారం ఎవరింట్లో భోజనాలైనా అంకుల్స్ అందరూ పేపర్ ప్లేట్లు పట్టుకుని బేస్‌మెంట్‌లో ఒక మూల చేరేవాళ్ళు. "మా టీమ్‌లో నెక్స్ట్ రౌండ్ అంటున్నార్రా." "మా మేనేజర్ గుడ్ మార్నింగ్ చెప్పడం మానేశాడు, అంటే అర్థం చేసుకో." "ఎచ్ వన్ వీసా వాళ్ళనే ముందు తీస్తారంట." బిర్యానీ చల్లారిపోయేది కానీ ఆ మాటలు చల్లారేవి కావు.

అమ్మ ఏ అట్టపెట్టెనీ పారేయనిచ్చేది కాదు. టీవీ పెట్టె, మైక్రోవేవ్ పెట్టె, నా బూట్ల పెట్టెతో సహా అన్నీ దాచేది. "ఎందుకైనా మంచిది" అనేది. సోఫా కొందామంటే "ఎందుకైనా మంచిది, ఆగుదాం" అనేది. నేను హోంవర్కు టీవీ పెట్టె మీద చేసేదాన్ని. నాన్న ఫోను మోగితే అమ్మ గరిటె చేతిలో పట్టుకునే హాల్లోకి వచ్చి నాన్న మొహం చూసేది. నాన్న తల అడ్డంగా ఊపితే మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయేది.

ఆ వేసవిలో నాయనమ్మ వచ్చింది, ఆరు నెలల వీసా మీద. ఆవకాయ, కందిపొడి, గోంగూరతో పాటు రెండు చీరల మడతల్లో ఒక కంచు కంచం తెచ్చుకుంది. ఎయిర్‌పోర్టులో పెట్టె ఎత్తుతూ నాన్న విసుక్కున్నాడు.

"అమ్మా, ఇక్కడ కంచాలు దొరకవా?"

"దొరుకుతాయిరా. నాది దొరకదుగా."

అది ఆవిడకి పుట్టింటి వాళ్ళు పెట్టిన కంచం. ఇంకెందులోనూ తినేది కాదు. బూడిద లేని దేశం కాబట్టి చింతపండు, ఉప్పు వేసి తోమేది. తోమాక ఆ కంచం పండిన నిమ్మకాయ రంగులో మెరిసేది. పెరుగన్నం వాసన, చింతపండు వాసన కలిసి ఆ కంచానికి తనదంటూ ఒక వాసన ఉండేది. ఇంకెవరూ అందులో తినకూడదు. ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని వేలితో కూడా మోగించకూడదు. మోగిస్తే ఆ ఇంట్లో తిండికి కరువొస్తుందట. ఉద్యోగం దినదినగండంగా ఉన్న ఇంట్లో ఆ మాట ఊరికే కొట్టిపారేసే మాట కాదు. దేవుణ్ణి పెద్దగా నమ్మని నాన్న కూడా ఆ కంచం పక్కనుంచి ఒద్దికగా నడిచేవాడు.

గోడకి అవతల ఒక ఇటలీ ముసలాయన ఉండేవాడు. వయసు నాయనమ్మ కంటే నాలుగేళ్ళు ఎక్కువే ఉంటుంది. పియానో ఉందని మాకు తెలుసు, పాట మాత్రం ఎప్పుడూ వినలేదు. 'టంగ్' అని ఒక్క స్వరం వచ్చేది. తర్వాత ఏమీ ఉండదు. మనం మర్చిపోయాక మళ్ళీ అదే 'టంగ్'. మధ్యలో ఆయన అటూ ఇటూ నడిచే చప్పుడు. "పియానోలు రిపేర్ చేస్తాడేమో" అని నాన్న తేల్చాడు. ఒక ఆంటీ వాళ్ళమ్మాయి పియానోలో ముందుకు పోతోందని అమ్మ ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, నేర్పుతారా అని అడిగింది. తను పాటలు కూర్చే మనిషినే తప్ప వాయించే మనిషిని కాదని, పిల్లలకి నేర్పడం రాదని ఆయన చేతులు విప్పి చూపించాడు. "కూర్చడమట! ఒక్క టంగ్ కూర్చడానికి ఎంతసేపు?" అని అమ్మ మా గుమ్మం చేరకుండానే అంది.

నాయనమ్మకి మాత్రం ఆయన మీద ముందునుంచీ సదభిప్రాయమే. ఆగస్టు ఎండలో ఆవిడ బాల్కనీలో పాత చీర పరిచి వడియాలు పెడితే, పక్క బాల్కనీలో ఆయన టమాటాలు చీల్చి ఉప్పు చల్లి చెక్క మీద పరిచాడు. ఇద్దరూ ఒకేసారి ఆకాశం వైపు చూసేవాళ్ళు. మబ్బు పడితే ఇద్దరూ ఒకేసారి పరిగెత్తేవాళ్ళు. ఉడతలు ఇద్దరినీ సమానంగా దోచుకున్నాయి. అందులో నా చెయ్యి కూడా ఉందిలెండి. పచ్చి వడియాలు ఉడతలకి వేసి నేను కొన్ని మింగేదాన్ని. అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్ళు బాల్కనీల్లో తిండి పదార్థాలు పెట్టరాదని రెండు తలుపులకీ చీటీలు అంటించారు. నాయనమ్మ ఆ చీటీ చింపి, "పాపం ఆ అన్నయ్యగారు కూడా ఎండబెట్టుకుని తినే మనిషి, మంచివాడై ఉంటాడు" అంది. అప్పట్నుంచీ ఆయన మా ఇంట్లో అన్నయ్యగారు. నేను అంకుల్ అనేదాన్ని.

సెప్టెంబరులో ఒక సాయంత్రం నాకు ఏమీ తోచక, తోమి బోర్లించిన కంచం తీసి వంటింటి టైల్స్ మీద అంచు పట్టుకుని బొంగరం తిప్పినట్టు తిప్పాను. నాలుగు చుట్లు తిరిగి గోడకి కొట్టుకుంది. ఇల్లంతా మోగింది. ఆ మోత ఆగదే! నాయనమ్మ "ఓసి నీ అసాధ్యం కూలా" అంటూ వచ్చి అరచేత్తో దాన్ని అణిచిపెట్టింది. ఇల్లు నిశ్శబ్దమైంది. వెంటనే మా తలుపు మీద దబదబా చప్పుడు.

"అయిపోయింది. కంప్లెయింట్" అంది అమ్మ. "ఇప్పుడు ఆఫీస్‌కి చెప్తాడు, లీజ్ క్యాన్సిల్ అంటారు. ఒకదాని మీద ఒకటి."

నాన్న తల దువ్వుకుని తలుపు తీశాడు. ఎదురుగా ముసలాయన, చెవి మీద పెన్సిలు, ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి లేదు.

"సారీ సర్. వెరీ సారీ. చైల్డ్."

"అగైన్" అన్నాడాయన.

"నో నో సర్. నెవర్ అగైన్."

"ప్లీజ్. అగైన్!"

నాన్న ఆయన వెటకారం చేస్తున్నాడనుకుని ఇంకో రెండు సారీలు చెప్పాడు. ఆయన నాన్న భుజం మీదుగా తొంగిచూసి, నాయనమ్మ చంకలో ఉన్న కంచాన్ని చూసి, రెండు చేతులూ జోడించాడు. అప్పటికి నాకు వెలిగింది. "నాన్నా, ఆయన యాంగ్రీ కాదు. ఆ సౌండ్ కావాలి అంట, మళ్ళీ."

నాయనమ్మకి తెలుగులో చెప్పాను. ఆవిడ కంచాన్ని ఇంకా గట్టిగా అదిమి పట్టుకుంది. "ఖాళీ కంచమా? కొట్టడమా? వీడి ఉద్యోగం గాల్లో దీపంలా ఉంటేనూ! అన్నయ్యగారికి కావాలంటే వడియాలిస్తాను. కంచం మాత్రం కుదరదని చెప్పవే." చెప్పాను. వడియాలు ఇచ్చి పంపించాం. మర్నాడు ఆయన ఎండు టమాటాల సీసా పట్టుకొచ్చి గుమ్మంలో పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. నాయనమ్మ వాటిని ఎండుమిరపకాయలతో వేయించి రోటి పచ్చడి చేసింది. రోలు లేదు కాబట్టి మిక్సీలోనే చేసింది. నాన్న అన్నమంతా ఆ పచ్చడితోనే తిన్నాడు. ఉప్పు తిన్నాక ఇక తప్పుతుందా? రెండ్రోజుల తర్వాత, కొంచెం పచ్చడి గిన్నెలో వేసుకుని, నన్ను దుబాసీగా వెంటబెట్టుకుని నాయనమ్మ పక్కింటికి వెళ్ళింది.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మాడిన కాఫీ, వెల్లుల్లి, హీటర్ మీద ఆరబెట్టిన నారింజ తొక్కలు. హాలుకి అడ్డంగా తాడు కట్టి, బట్టల క్లిప్పులతో రాసిన కాగితాలు వేలాడదీశాడు. కొన్ని కాగితాల మీద నిండా ఉన్నది ఒకే ఒక్క గీత. ఆయన కూర్చిన సంగీతం గురించి అడిగితే, ఒకదాంట్లో గాయకులంతా కలిసి ఊపిరి మాత్రమే పీలుస్తారని, ఇంకోదాంట్లో కుట్టుమిషన్లు నడుస్తాయని, అది విని వాళ్ళ దేశంలో జనం సగంలోనే లేచి వెళ్ళిపోయారని నవ్వుతూ చెప్పాడు. నాయనమ్మ నవ్వలేదు. "మరి ఎందుకు మానలేదో అడుగు" అంది.

అడిగాను. ఆయన చెప్పింది నాకు వచ్చిన ముక్కల తెలుగులో నాయనమ్మకి చేరవేశాను. ఆయనది కొండ మీద చిన్న ఊరు. వాళ్ళ నాన్న చర్చిలో గంట కొట్టేవాడు. ఆ గంటకి అంచు దగ్గర పగులు. మోగితే కింద సన్నగా ఒక బుసబుస ఉండేది. ఊళ్ళో అందరూ దాన్ని కరిగించి కొత్తది పోయిద్దామనేవాళ్ళు. ఈయన తల్లి మాత్రం, పగులున్నా అది మన గంటే అని ఒప్పుకోలేదట. యుద్ధం వచ్చాక సైనికులు వచ్చి గంటని దించి లారీలో వేసుకుపోయారు, ఫిరంగులు పోయడానికి. అప్పుడాయన నా ఈడువాడు. ఆ మోత తర్వాత ఎక్కడా వినలేదు. చదివిన చదువు, రాసిన సంగీతం, వెళ్ళిన దేశాలు, పెళ్ళి, భార్య చావు, ఇక్కడున్న కూతురి దగ్గరికి రావడం అన్నీ అయ్యాయి. ఆ మోత మాత్రం దొరకలేదు. వసంతకాలంలో ఇక్కడి కాలేజీ పిల్లలు ఆయన కొత్త రచన వాయిస్తారు. అందులో గంట చోటు ఖాళీగా ఉంది. కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమది పోతోంది. చెవి ఉండగా ఒక్కసారి వినాలి.

"గంట తీసుకెళ్ళి ఫిరంగులు చేశారా? వాళ్ళ చేతులు పడిపోను!" అంది నాయనమ్మ. ఇది తర్జుమా చేయాల్సిన పని లేకుండానే ఆయనకి అందింది.

ఇంటికొచ్చాక ఆ సాయంత్రమంతా ఆవిడ కంచం ముందు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఒకవైపు కొడుకు ఉద్యోగం, ఇంకోవైపు ముసలాయన చెవి. పిల్లదాన్నైనా ఆవిడ తల్లడిల్లడం నాకు తెలుస్తూనే ఉంది. నేను ఆవిడ చుట్టూ తిరిగి, "ఇచ్చేయ్ నాయనమ్మా, ఇట్స్ జస్ట్ అ ప్లేట్" అన్నాను. "నీకు జస్టే" అంది.

తెల్లారి కాఫీ తాగి లేచి, బియ్యం డబ్బాలోంచి గిన్నెలోకి బియ్యం తీసుకుంది. "కొట్టకూడనిది ఖాళీ కంచాన్ని కదా. గింజలున్న కంచానికి దోషమేముంది? పదవే" అంది. అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడి, "అత్తయ్యా, ఇప్పుడు కాదు, ఈ టైంలో వద్దు" అంది. నాయనమ్మ ఆగి, కోడలి గడ్డం పట్టుకుని, "నాకూ వాడు కొడుకేనే" అని పక్కనుంచి వెళ్ళింది.

ఆయన బల్ల మీద గుడ్డ చుట్టి కుదురు చేసి దాని మీద కంచం పెట్టింది. పిడికెడు బియ్యం పోసింది. గింజలు కంచు మీద జలజలా రాలాయి. ఆయన చెక్క గరిటెతో అంచు మీద కొట్టాడు. కంచం మోగింది, గింజలు ఎగిరెగిరి పడుతుంటే ఆ మోత కింద సన్నగా బుసబుసమంది. ఆయన గరిటె కింద పెట్టేసి కిటికీ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. "ఏమైందే, బాగాలేదా?" అంది నాయనమ్మ. "ఏడుస్తున్నాడు" అన్నాను. "అయితే బాగున్నట్టే" అని ఆవిడ ఆ గింజలు గిన్నెలోకి ఎత్తి, మళ్ళీ కొత్తగా పిడికెడు పోసింది. ప్రతి దెబ్బకీ అదే తంతు. మోగించిన గింజలు తీసి, తాజాగా పోసి, అప్పుడు గరిటె ఆయన చేతికి ఇచ్చేది. ఆ బియ్యంతోనే మా ఇంట్లో వంట.

అలా ఆకులు రాలేకాలమంతా స్కూలు నుంచి రాగానే అక్కడే మా మజిలీ. నాయనమ్మ భోజనం కాగానే కంచం తోమి పట్టుకొచ్చేది. ఆయన ఒక ఆట పెట్టాడు. కంచం కొట్టాక ముగ్గురం కళ్ళు మూసుకోవాలి. మోత పూర్తిగా ఆగిందనిపించినప్పుడు చెయ్యి ఎత్తాలి. నాకది శిక్షే. కాళ్ళు జిలజిలలాడేవి, గోళ్ళు కొరికేదాన్ని, ఒక కన్ను తెరిచేదాన్ని. అలా దొంగచూపులు చూడబట్టే ఒక సంగతి కనిపెట్టాను. మొదట్లో ముగ్గురం ఇంచుమించు ఒకేసారి చెయ్యి ఎత్తేవాళ్ళం. రానురాను ఆయన చెయ్యి ముందే లేస్తోంది. మోత ఇంకా గదిలో తిరుగుతూనే ఉండేది, ఆయనకి అప్పటికే అయిపోయేది. మంచు పడే రోజులకి, గరిటె బల్ల మీద పెట్టిన కాసేపటికే ఎత్తేసేవాడు.

నాకు భయం వేసింది. ఎందుకో చెప్పలేను కానీ నాన్న ఉద్యోగం కంటే అదే ఎక్కువ భయం. నేను కూడా ఆయనతో పాటే చెయ్యి ఎత్తడం మొదలెట్టాను. ఓరకంట చూస్తే నాయనమ్మదీ అదే పని. ఇద్దరం మాట్లాడుకోలేదు. ఒకరోజు ఆయన చెయ్యి ఎత్తినట్టే ఎత్తి, కళ్ళు తెరిచి కూర్చున్నాడు. మా రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. కంచం మీద గింజలు ఇంకా వణుకుతున్నాయి. ఆయన వాటి వైపు వేలు చూపించి, మెల్లిగా, అబద్ధం వద్దు అన్నాడు. మా ఇద్దరి చేతులూ దిగాయి. నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

తర్వాత ఆవిడ ఏదో గుర్తొచ్చినట్టు లేచింది. కుదురు తీసేసింది. ఆయన ఎడమచేతి అయిదువేళ్ళూ పైకి నిలబెట్టి, వాటి మీద కంచం ఉంచి, బియ్యం పోసి, గరిటె నాకిచ్చింది. "కొట్టవే." కొట్టాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. మోత చేతిలోంచి మోచేతికి, మోచేతిలోంచి భుజానికి పాకుతున్నట్టు తలని భుజం వైపు వంచాడు. ముసలి చెయ్యి కదా, బరువుకి వణికేది, ఆ వణుకుకి గింజలు ఇంకా ఎక్కువ పలికేవి. నేను వినగలిగినంతా విని చెయ్యి ఎత్తాను. నాయనమ్మ కూడా చెయ్యి ఎత్తింది. ఆయన ఎత్తలేదు. మా ఇద్దరికీ ఏమీ వినబడని చోట ఆయనింకా వింటూనే ఉన్నాడు. నాకు తెలిసి నేను జీవితంలో మొదటిసారి కదలకుండా కూర్చున్నది అప్పుడే.

క్రిస్మస్ ముందు వారంలో నాన్న మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. చేతిలో చిన్న అట్టపెట్టె, అందులో ఆఫీసు కాఫీ కప్పు, మా ఫొటో. అమ్మ ఆ పెట్టె చూసి కూలబడిపోయింది. ఏడవలేదు. లేచి నాయనమ్మ వైపు తిరిగింది. "చెప్పానా అత్తయ్యా? ఈ టైంలో కంచం మోగించొద్దని చెప్పానా?"

నాన్న, "ఆపు, ఇందులో అమ్మదేముంది, మొత్తం టీమ్‌నే తీసేశారు" అన్నాడు. అమ్మ వినే స్థితిలో లేదు. నేను నాయనమ్మ మొహం చూడలేక పెట్టెలోని కప్పు వైపు చూశాను. నాయనమ్మ గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "ఖాళీది మోగించలేదమ్మా. ఒక్కనాడూ మోగించలేదు. ప్రతిసారీ గింజలు పోసింది నేనే. నా కంచం నీ ఇంటికి కరువు తేలేదు" అంది. అంది కానీ, ఆ పూట అన్నం తినలేదు.

తర్వాతి రోజులన్నీ ఫోన్లే. నాన్న హాల్లో నడుస్తూ ఫోన్లో మాట్లాడేవాడు. "వీసా ట్రాన్స్‌ఫర్ చేస్తారా? కాంట్రాక్ట్ అయినా ఓకే సర్." గోడకి అవతల ముసలాయన నడక, ఇవతల నాన్న నడక. ప్లేనోలో ఒక కాంట్రాక్ట్ దొరికింది, వెంటనే రమ్మన్నారు. అమ్మ దాచిన అట్టపెట్టెలన్నిటికీ ఒక్కరోజులో పని పడింది. ఎందుకైనా మంచిదని దాచినందుకు అమ్మని ఎవరైనా మెచ్చుకోవాల్సింది. ఎవరూ మెచ్చుకోలేదు.

ఆ గొడవ రోజు సాయంత్రం నాయనమ్మ కంచాన్ని పక్కింట్లో ఉంచి వచ్చింది, అది అక్కడే ఉండిపోయింది. నాయనమ్మ స్టీలు పళ్ళెంలో తింటోంది. సామాను సర్దే రోజున అమ్మ నాతో, "వెళ్ళి కంచం తీసుకురా. మనది మనం తీసుకుపోవాలి" అంది. వెళ్ళి ఆయన్ని అడిగాను. ఆయన దాన్ని తుడిచి, తువ్వాలులో చుట్టి నా చేతుల్లో పెట్టాడు. ఆ తువ్వాలు బరువు నాకు ఇప్పటికీ తెలుసు. రెండు తలుపుల మధ్య నాలుగడుగులు నడిచేసరికి నాకు కోపం వచ్చేసింది. అమ్మ మీద, నాన్న కంపెనీ మీద, ఊళ్ళు మారుస్తున్న అందరి మీద. గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది.

ఆవిడ తువ్వాలు విప్పి చూసింది. వెనక్కి తిరిగి అమ్మతో, "ఇది నా కంచం. మీ సామానులోది కాదు" అంది. స్వెట్టర్ మీద కొంగు బిగించి, నా చెయ్యి పట్టుకుని పక్కింట్లోకి నడిచి, కంచాన్ని ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన వద్దని తల ఊపుతూ, కళ్ళనీళ్ళతో ఏదో తన భాషలో అన్నాడు. నాయనమ్మ అచ్చ తెలుగులో, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, "బియ్యం మర్చిపోకండి అన్నయ్యగారూ. ఖాళీది మోగించకండి" అంది. నన్ను తర్జుమా చెయ్యమంది. నేను తువ్వాలు మడతపెడుతూ ఉండిపోయాను, చెయ్యలేదు. ఆయన ఊరికే తల ఊపాడు. ఏం అర్థమైందో ఏమో అనుకున్నాను.

ప్లేనోకి కారులో వెళ్తూ దారిలో హోటల్లో నాయనమ్మ పేపర్ ప్లేట్‌లో పెరుగన్నం తింది. "తేలిగ్గా ఉంది, ఎగిరిపోతుందేమో" అని నవ్వింది. మేం ఎవరం నవ్వలేదు. చలికాలం పోకముందే ఆవిడ వీసా గడువు ముగిసి ఊరెళ్ళిపోయింది.

వసంతం వచ్చింది. ఆ కచేరీ ఏమైందో తెలియదు. ఆయన చెవి ఏమైందో తెలియదు. కొత్త స్కూల్లో బెంచీ మీద కూర్చుని నేను మా టీచర్ తిట్టేదాకా పెన్సిలుతో బల్ల అంచు కొడుతూ ఉండేదాన్ని. ఎండలు ముదిరాక ఒక కవరు వచ్చింది, ఆయన కూతురి దగ్గర్నుంచి. అందులో ఒక సీడీ, నాలుగు ముక్కల ఉత్తరం. మా నాన్న బాగా విన్నారు, కంచం తన చేత్తోనే పట్టుకున్నారు, అని.

మా ఇంట్లో సీడీ ప్లేయర్ కారులో మాత్రమే ఉండేది. సాయంత్రం నలుగురం కాని నలుగురం, అంటే మేం ముగ్గురం, ఫోన్లో నాయనమ్మ, కారులో కూర్చున్నాం. అక్కడ తెల్లవారుతోంది, ఫోనులోంచి కాకుల అరుపు. నాన్న సీడీ పెట్టాడు. నేను ఫోను స్పీకర్ దగ్గర పట్టుకున్నాను. చాలాసేపు ఊపిర్లే వినిపించాయి, ఎక్కడో దూరంగా ఒక సన్నని తీగ. నాన్న ఇంజన్ ఆపేశాడు. వాయిద్యాలన్నీ ఒక్కటొక్కటిగా తప్పుకున్నాయి. ఖాళీ.

అప్పుడు జలజలా రాలిన చప్పుడు వచ్చింది.

నేను ఫోను స్పీకర్‌కి ఇంకా దగ్గరగా పెట్టాను. కంచం ఇంకా మోగనేలేదు. అవతల నుంచి నాయనమ్మ కేక. "బియ్యం పోశాడే! విన్నావా, బియ్యం పోశాడు!"

ఆ తర్వాత మోగింది. బుసబుసమంటూ, వణుకుతూ, ఆ కారంతా నిండిపోయింది. మోత ఆగాక మళ్ళీ గింజలు ఎత్తిన చప్పుడు, మళ్ళీ తాజాగా పోసిన చప్పుడు, మళ్ళీ దెబ్బ. ఆ పెద్ద హాల్లో, అంతమంది ముందు, ఒక్కసారి కూడా ఆయన మా నాయనమ్మ కంచాన్ని ఖాళీగా మోగించలేదు. వెనక సీట్లో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. సీడీ అయిపోయింది. ఎవరూ కదల్లేదు.

"మళ్ళీ పెట్టండి" అంది అమ్మ.

కొన్నేళ్ళకి ఆయన పోయాడు. కంచం తిరిగి పంపనా అని కూతురు అడిగితే నాయనమ్మ వద్దంది. "ఎవరన్నా పిల్లలుంటే మోగించుకోమను. గింజలు మాత్రం పోయమను" అంది. చివరిదాకా స్టీలు కంచంలోనే తింది, ఒక్కనాడూ దాని ఊసెత్తలేదు. ఇద్దరూ లేరిప్పుడు. ఆ అపార్ట్‌మెంట్లకి రంగులు మార్చేశారని విన్నాను. నేను కుదురుగా కూర్చోవడం ఇప్పటికీ నేర్చుకోలేదు. మీటింగుల్లో పెన్ను తిప్పుతాను, రెడ్ లైట్ దగ్గర స్టీరింగ్ మీద వేళ్ళు ఆడిస్తాను.

మొన్న ఆదివారం మా అమ్మాయి సాయంత్రం దాకా నా మీద అలిగే ఉంది. నేను వెళ్ళి ఆ స్టీలు కంచం తీసి, బియ్యం డబ్బాలోంచి పిడికెడు తీసి అందులో పోశాను. పిల్ల ఎడమచేతి బుల్లి అయిదువేళ్ళూ పైకి నిలబెట్టి, వాటి మీద కంచం ఉంచి, రెండో చేతికి చెంచా ఇచ్చాను.

"ఇప్పుడు కొట్టు" అన్నాను. "కొట్టి, కళ్ళు మూసుకో. మోత అయిపోయాక చెయ్యి ఎత్తు."

స్టీలు కదా, మోత ఎంతోసేపు లేదు. నేను చెయ్యి ఎత్తి చూశాను. అది ఇంకా ఎత్తలేదు.